జంగిల్ బీట్‌లో నుస్రత్ గొంతు: ‘స్టార్ రైజ్’ రీమిక్స్ ఆల్బమ్ పూర్తి వివరాలు

ఉస్తాద్ నుస్రత్ ఫతే అలీ ఖాన్ 1997 ఆగస్టు 16న లండన్‌లో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 48 ఏళ్లే. అదే ఏడాది ఆయన పేరు మీద ఒక ఆల్బమ్ మార్కెట్లోకి వచ్చింది. దాని పేరు ‘స్టార్ రైజ్’. గొంతు ఆయనదే, ఆలాప్ ఆయనదే. కింద నడిచేది మాత్రం కవ్వాలి మెహ్‌ఫిల్ కాదు. లండన్ క్లబ్బుల్లో మోగే డ్రమ్స్, ఛాతీలో అదిరే బేస్. అప్పట్లో ఆ నగరాన్ని ఊపేస్తున్న ‘జంగిల్’ సంగీతం ప్రభావం అందులో బాగా కనిపిస్తుంది.

ఇలాంటి పాట ఇంట్లో మోగితే పెద్దలది ఒక మాట, పిల్లలది ఒక మాట. ‘కవ్వాలీని పాడు చేశారు’ అని పెద్దలు అంటారు. ‘దీని వల్లే కదా నుస్రత్ సాబ్ ఎవరో మాకు తెలిసింది’ అని పిల్లలు అంటారు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. అసలు తేల్చుకోవాల్సిన ప్రశ్న వేరు. ఒకరి గొంతును, ఒకరి డప్పును ఇంకొకరు తీసుకుని కొత్త పాట చేసినప్పుడు అనుమతి ఎవరిని అడగాలి? పేరు ఎవరిది? డబ్బు ఎవరికి వెళ్లాలి? మాట అర్థం మారకుండా చూసేది ఎవరు? జంగిల్ సంగీతం చరిత్రలో ఈ ప్రశ్నలకు మంచి జవాబూ ఉంది, చేదు జవాబూ ఉంది.

క్లుప్తంగా

ఆల్బమ్: స్టార్ రైజ్ (1997)
ఎవరి పేరు మీద: నుస్రత్ ఫతే అలీ ఖాన్, మైకేల్ బ్రూక్
సంస్థ: రియల్ వరల్డ్ రికార్డ్స్, బ్రిటన్
అసలు పాటలు: ‘ముస్త్ ముస్త్’ (1990), ‘నైట్ సాంగ్’ (1996) ఆల్బమ్‌ల నుంచి
రీమిక్స్ చేసినవారు: ఏషియన్ డబ్ ఫౌండేషన్, స్టేట్ ఆఫ్ బెంగాల్, జోయ్, తల్వీన్ సింగ్, నితిన్ సాహ్నీ, ఫన్-డా-మెంటల్, బ్లాక్ స్టార్ లైనర్ తదితరులు
శైలి: జంగిల్, డ్రమ్ అండ్ బేస్, డబ్, దక్షిణాసియా సంగీతం కలయిక

జంగిల్ అంటే ఏమిటి?

జంగిల్ 1990ల మొదట్లో లండన్‌లో పుట్టింది. కరీబియన్ దీవుల నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాల పిల్లలు, వాళ్లతో పాటు పెరిగిన తెల్లవాళ్ల పిల్లలు, ఆసియా పిల్లలు కలిసి తయారు చేసుకున్న సంగీతం ఇది. జమైకా నుంచి వచ్చిన సౌండ్ సిస్టమ్ సంప్రదాయం, రెగే పాటల బరువైన బేస్, అమెరికా పాత పాటల నుంచి తీసిన డ్రమ్ ముక్కలు దీనికి ముడిసరుకు.

దీన్ని గుర్తుపట్టడం తేలికే. డ్రమ్స్ నిమిషానికి సుమారు 160 నుంచి 170 బీట్ల వేగంతో పరుగెడతాయి. కింద బేస్ మాత్రం దానికి సగం వేగంతో, నింపాదిగా నడుస్తుంది. వినేవాడికి రెండు దారులు. డ్రమ్స్ వెంట పరుగెత్తొచ్చు, బేస్‌తో నెమ్మదిగా ఊగొచ్చు. ఒకే పాటలో రెండు నడకలు ఉండటమే జంగిల్ ప్రత్యేకత.

ఈ పాటలు మొదట్లో పెద్ద రేడియోల్లో రాలేదు. కూల్ ఎఫ్ఎం లాంటి లైసెన్స్ లేని స్టేషన్లు వీటిని వినిపించాయి. బహుళ అంతస్తుల ఇళ్ల పైకప్పుల మీద యాంటెన్నాలు పెట్టి నడిపేవారు. 1994లో బ్రిటన్ ప్రభుత్వం తెచ్చిన క్రిమినల్ జస్టిస్ చట్టంలో, బహిరంగ స్థలాల్లో రాత్రిపూట జరిగే పార్టీలను ఆపడానికి, మళ్లీమళ్లీ వచ్చే బీట్లున్న సంగీతం అంటూ ప్రత్యేకంగా నిర్వచనమే రాశారు. అదే ఏడాది జంగిల్ పాటలు బ్రిటిష్ చార్టుల్లోకి ఎక్కాయి. ఎం-బీట్, జనరల్ లెవీల ‘ఇన్‌క్రెడిబుల్’ టాప్ 10లోకి వెళ్లింది.

ఆ ఏడాదే వచ్చిన ‘ఒరిజినల్ నట్టా’ ఇప్పటికీ జంగిల్ పాటల్లో అందరికీ తెలిసిన పాట. సంగీతం షై ఎఫ్ఎక్స్‌ది. పాడినది యూకే అపాచీ. ఆయన అసలు పేరు అబ్దుల్ వహాబ్ లఫ్తా, ఇరాకీ మూలాలున్న లండన్ యువకుడు. అంటే జంగిల్‌లో ముస్లిం పిల్లలు తర్వాత వచ్చి చేరినవాళ్లు కారు, మొదటి నుంచీ ఉన్నవాళ్లే.

ఏడు సెకన్ల డ్రమ్ కథ

జంగిల్ గురించి చెప్పాలంటే ఒక్క డ్రమ్ ముక్క గురించి చెప్పక తప్పదు. 1969లో అమెరికాలో ‘ద విన్‌స్టన్స్’ అనే బృందం ఒక రికార్డు విడుదల చేసింది. ఒక పక్క ‘కలర్ హిమ్ ఫాదర్’ అనే పాట. అది హిట్ అయ్యింది, గ్రామీ అవార్డు కూడా వచ్చింది. రెండో పక్క నింపడానికి ‘ఆమెన్, బ్రదర్’ అనే వాద్య సంగీతం వేశారు. చర్చిలో పాడే ‘ఆమెన్’ పాట బాణీ దానికి ఆధారం. దువా చివర ముస్లింలు అనే ‘ఆమీన్’, ఈ ‘ఆమెన్’ ఒకే మూలం నుంచి వచ్చిన మాటలు.

ఆ పాట మధ్యలో మిగతా వాద్యాలన్నీ ఆగిపోతాయి. డ్రమ్మర్ గ్రెగరీ కోల్‌మన్ ఒక్కడే సుమారు ఏడు సెకన్లు వాయిస్తాడు. అంతే. 1986లో డీజేల కోసం వేసిన ‘అల్టిమేట్ బ్రేక్స్ అండ్ బీట్స్’ సంకలనంలో ఈ పాట చేరింది. అప్పటికే శాంప్లర్ అనే యంత్రం వచ్చింది. ఏ శబ్దాన్నైనా అందులోకి ఎక్కించి, ముక్కలుగా కోసి, మీటల మీద మళ్లీ వాయించుకోవచ్చు. లండన్ కుర్రాళ్లు ఆ ఏడు సెకన్లను కోశారు, వేగం పెంచారు, ముక్కల వరుస మార్చారు. ఒక డ్రమ్మర్ చేతులతో వాయించలేనంత వేగంగా కొత్త నడకలు అల్లారు. వేల పాటల్లో ఆ డ్రమ్ ఉంది. జంగిల్‌కు అదే వెన్నెముక.

మరి కోల్‌మన్‌కు ఏం దక్కింది? ఏమీ దక్కలేదు. ఆయన 2006లో అట్లాంటాలో, ఇల్లు కూడా లేని పేదరికంలో చనిపోయాడు. బృందం నాయకుడు, పాట హక్కుదారు రిచర్డ్ స్పెన్సర్‌కు తన పాట ఇంతగా వాడుతున్నారని 1996 దాకా తెలియదు. తెలిసేసరికి కేసు వేసే గడువు దాటిపోయింది. 2015లో ఒక బ్రిటిష్ డీజే ఆన్‌లైన్‌లో చందాలు పోగు చేసి సుమారు 24,000 పౌండ్లు ఆయనకు అందజేశాడు. స్పెన్సర్ 2020లో చనిపోయారు. కోట్లు సంపాదించి పెట్టిన ఒక డ్రమ్‌కు, దాదాపు యాభై ఏళ్ల తర్వాత దక్కింది ఆ చందా డబ్బులే.

ఎవరూ కావాలని కుట్ర చేయలేదు. చాలామంది కుర్రాళ్లకు ఆ డ్రమ్ ఎవరు వాయించారో కూడా తెలియదు. కానీ తెలియకపోవడం వల్ల బాకీ తీరిపోదు కదా.

తూర్పు లండన్ బెంగాలీ పిల్లలు

‘స్టార్ రైజ్’లో పనిచేసినవారిలో ఎక్కువమంది బ్రిటన్‌లో పెరిగిన దక్షిణాసియా కుటుంబాల పిల్లలు. వాళ్లలో చాలామంది ముస్లింలు. వాళ్లు పెరిగిన కాలం అంత సుఖమైనది కాదు. 1978 మే 4న అల్తాబ్ అలీ అనే బంగ్లాదేశీ యువ కార్మికుణ్ణి వైట్‌చాపెల్‌లో జాతి ద్వేషంతో చంపేశారు. అక్కడి పార్కుకు ఇప్పుడు ఆయన పేరే ఉంది. 1993 సెప్టెంబరులో అదే ప్రాంతంలోని మిల్‌వాల్ వార్డులో, వలస వచ్చినవాళ్లను వెళ్లగొట్టాలనే పార్టీ ఒక కౌన్సిలర్ సీటు గెలిచింది. రాత్రిపూట ఒంటరిగా నడవాలంటే భయపడే వీధుల్లో ఈ పిల్లలు పాట నేర్చుకున్నారు.

ఆ ప్రాంతం ఎలాంటిదో బ్రిక్ లేన్ జామే మసీదు చూస్తే అర్థమవుతుంది. ఆ కట్టడం 1743లో ఫ్రాన్స్ నుంచి పారిపోయి వచ్చిన క్రైస్తవుల ప్రార్థనాలయం. తర్వాత యూదుల సినగాగ్. 1976 నుంచి మసీదు. వచ్చిన ప్రతి తరం పాత గోడలనే ఉంచుకుని కొత్తగా వాడుకుంది. ఆ వీధుల పిల్లలు పాటలతో చేసిందీ దాదాపు అదే పని.

జోయ్: ఫారూఖ్ షంషేర్, హారూన్ షంషేర్ అన్నదమ్ములు. బెంగాలీ పిల్లలకు సొంత సంగీతం పరిచయం చేయాలని 1980ల్లోనే ‘జోయ్ బాంగ్లా’ పేరుతో సౌండ్ సిస్టమ్ మొదలుపెట్టారు.

స్టేట్ ఆఫ్ బెంగాల్: సైఫుల్లా ‘శామ్’ జమాన్. కరాచీలో పుట్టిన బెంగాలీ, పెరిగింది లండన్‌లో. 1997లో వచ్చిన ‘అనోఖా’ సంకలనంలోని ‘ఫ్లైట్ ఐసీ408’ ఆయనదే. ఐసీ అంటే మన పాత ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానాల కోడ్.

ఏషియన్ డబ్ ఫౌండేషన్: 1993లో లండన్‌లోని ఒక కమ్యూనిటీ సంగీత శిక్షణ తరగతుల నుంచి పుట్టిన బృందం. పాఠం చెప్పిన అనిరుద్ధ దాస్, యువజన కార్యకర్త జాన్ పండిట్, అక్కడ నేర్చుకోవడానికి వచ్చిన కుర్రాడు దీదార్ జమాన్ కలిసి మొదలుపెట్టారు. దీదార్ ఎవరో కాదు, శామ్ జమాన్ తమ్ముడే.

ఫన్-డా-మెంటల్: బ్రాడ్‌ఫర్డ్‌లో పెరిగిన పాకిస్తానీ కుటుంబం అబ్బాయి అకీ నవాజ్ బృందం. జాతి వివక్ష మీద, ముస్లింల గుర్తింపు మీద ముక్కుసూటిగా పాడినవాళ్లు.

వీళ్లకు, జంగిల్ వాళ్లకు మధ్య దూరం ఎంత తక్కువో ఒక చిన్న విషయం చెబుతుంది. లండన్ హాక్స్‌టన్ స్క్వేర్‌లో ‘బ్లూ నోట్’ అనే క్లబ్ ఉండేది. ఆదివారం రాత్రి అక్కడ గోల్డీ బృందం జంగిల్, డ్రమ్ అండ్ బేస్ వినిపించేది. సోమవారం రాత్రి అదే గదిలో, అవే స్పీకర్ల మీద తల్వీన్ సింగ్ ‘అనోఖా’ నడిచేది. తబలా, సితార్ అక్కడ జంగిల్ డ్రమ్స్ పక్కన కూర్చున్నాయి.

నుస్రత్ సాబ్ అక్కడిదాకా ఎలా వచ్చారు?

నుస్రత్ 1948 అక్టోబరు 13న పాకిస్తాన్‌లోని లయల్‌పూర్‌లో పుట్టారు. ఇప్పుడు ఆ ఊరు ఫైసలాబాద్. ఖానదాన్ జలంధర్ నుంచి వలస వెళ్లింది. తరతరాలుగా కవ్వాలీయే వాళ్ల పని. తండ్రి ఫతే అలీ ఖాన్ 1964లో చనిపోయారు. కొన్నేళ్లకు నుస్రత్ బృందం పగ్గాలు పట్టుకున్నారు.

1985లో ఇంగ్లండ్‌లోని మెర్సీ ద్వీపంలో జరిగిన ‘వొమాడ్’ సంగీత ఉత్సవంలో ఆయన పాడారు. ఉర్దూ, పంజాబీ ఒక్క ముక్క రాని శ్రోతలు కదలకుండా కూర్చుని విన్నారు. ఆ ఉత్సవం వెనక ఉన్న పీటర్ గేబ్రియల్ 1989లో రియల్ వరల్డ్ రికార్డ్స్ పెట్టినప్పుడు మొదట వేసిన ఆల్బమ్‌లలో నుస్రత్ ‘షహెన్‌షా’ ఒకటి. అది సంప్రదాయ కవ్వాలీయే.

1990లో దారి మారింది. కెనడా గిటారిస్ట్ మైకేల్ బ్రూక్‌తో కలిసి ‘ముస్త్ ముస్త్’ చేశారు. అందులో పెద్ద కవ్వాలీలు లేవు. ఎక్కువ భాగం సర్గమ్, తరానా లాంటి గొంతు సాధన, వాటి చుట్టూ గిటార్, బేస్. ఆల్బమ్ చివర్లో టైటిల్ పాటకు బ్రిస్టల్ నగరానికి చెందిన ‘మాసివ్ అటాక్’ చేసిన రీమిక్స్ పెట్టారు. ఆ పాటతో ఆయన గొంతు బ్రిటిష్ క్లబ్బుల్లో మోగింది. 1996లో బ్రూక్‌తోనే చేసిన ‘నైట్ సాంగ్’ గ్రామీ నామినేషన్ దాకా వెళ్లింది.

మాట మధ్యలో కోస్తే?

‘ముస్త్ ముస్త్’ తయారీలో జరిగిన ఒక సంగతిని బ్రూక్ తర్వాత చెప్పుకున్నాడు. స్టూడియోలో అతను నుస్రత్ గొంతును తనకు నచ్చినట్టు కోసి అతికించాడు. చెవికి బాగానే ఉంది. కానీ కొన్ని చోట్ల వాక్యం మధ్యలో తెగింది, మాటకు అర్థం పోయింది. ఇంకొన్ని చోట్ల సర్గమ్ వరుస సగంలో ఆగింది. నుస్రత్ అది ఒప్పుకోలేదు. ఆ కోతలను మళ్లీ సరిచేయాల్సి వచ్చింది.

భాష తెలియనివాడికి అది శబ్దం. తెలిసినవాడికి అది హమ్ద్, నాత్ లేదా మన్‌ఖబత్. అల్లాహ్ పేరో, రసూల్ పేరో ఉన్న మాటను బీట్ కోసం సగంలో ఆపేస్తే అది సంగీతం సమస్య కాదు, అదబ్ సమస్య. 1994లో వచ్చిన హాలీవుడ్ సినిమా ‘నాచురల్ బోర్న్ కిల్లర్స్’లో తన గానాన్ని హింస నిండిన దృశ్యాల మధ్య వాడినందుకు కూడా నుస్రత్ నొచ్చుకున్నారు. కొత్త ప్రయోగాలకు ఆయన ఎప్పుడూ ఎదురు చెప్పలేదు. కానీ ప్రయోగానికి ఒక గీత ఉందని గుర్తు చేశారు.

సంగీతం విషయంలో ఉలమాల మధ్య ఉన్న భేదాభిప్రాయం పాతదే. చిష్తీ సిల్సిలా వాళ్లు సమాను మర్యాదలతో, షరతులతో స్వీకరించారు. మిగతావాళ్లలో చాలామంది ఒప్పుకోలేదు. రీమిక్స్ ఆ పాత చర్చకు కొత్త ప్రశ్న ఒకటి చేర్చింది. దర్గా ఆవరణలో, వుజూతో కూర్చుని వినే మాటను డ్యాన్స్ ఫ్లోర్ మీద మోగించవచ్చా? కవ్వాలీని ప్రేమించేవాళ్లలో కూడా చాలామందికి ఇది ముల్లులా గుచ్చుకునే ప్రశ్నే.

‘తా దీమ్’ ఎందుకు గుర్తుండిపోయింది?

‘స్టార్ రైజ్’లో జంగిల్ వేగం బాగా వినిపించే పాట ఏషియన్ డబ్ ఫౌండేషన్ చేసిన ‘తా దీమ్’. దీని అసలు పాట ‘ముస్త్ ముస్త్’లో ఉంది. పేరు చూస్తేనే తెలుస్తుంది, ఇది తరానా బోల్స్ మీద నడిచేది. తరానాను అమీర్ ఖుస్రో కాలం నాటిదిగా చెప్పుకుంటారు. మాటకు నిఘంటువు అర్థం కన్నా లయే ముఖ్యం. కాబట్టి ఆ బోల్స్‌ను డ్రమ్స్‌తో పాటు పరుగెత్తించినా ఏ దువా తెగదు, ఏ పేరూ సగంలో ఆగదు. నుస్రత్ గొంతే అక్కడ డ్రమ్‌తో సవాల్-జవాబ్ ఆడుతుంది.

ఇంకో విశేషం. అన్న శామ్ జమాన్ (స్టేట్ ఆఫ్ బెంగాల్), తమ్ముడు దీదార్ జమాన్ (ఏషియన్ డబ్ ఫౌండేషన్) ఇద్దరూ ఇదే ఆల్బమ్‌లో వేర్వేరు పాటలకు పనిచేశారు. జోయ్ అన్నదమ్ములూ ఉన్నారు. కవ్వాలీలో ఖానదాన్ ఉంటుంది కదా, లండన్ వైపు కూడా అలాంటిదే ఒకటి తయారైంది.

కవ్వాలీకి, జంగిల్‌కు పొత్తు ఎలా కుదిరింది?

పైకి రెండూ ఉత్తరం దక్షిణం. లోపల చూస్తే మూడు పోలికలు ఉన్నాయి.

ఒకటి, తిప్పి తిప్పి చెప్పడం. కవ్వాల్ ఒకే మిస్రాను పదిసార్లు పాడతాడు, ప్రతిసారీ కొత్త మలుపుతో. జంగిల్‌లో ఒకే డ్రమ్ ముక్క తిరిగి తిరిగి వస్తుంది, ప్రతిసారీ కొత్త కోతతో.

రెండు, ఎక్కుడు. కవ్వాలీ ఆలాప్‌తో నెమ్మదిగా మొదలై చప్పట్లు, తబలాతో ఊపందుకుంటుంది. జంగిల్ పాటలోనూ ముందు నెమ్మదైన శబ్దాలు, తర్వాత ఒక్కసారిగా డ్రమ్స్ దిగడం ఉంటుంది.

మూడు, శ్రోతలను చూసి నడపడం. మెహ్‌ఫిల్లో ఎవరికైనా హాల్ వస్తే కవ్వాల్ ఆ మిస్రా వదలడు. జంగిల్ డీజే కూడా జనం కేక వేస్తే అదే రికార్డును వెనక్కి తిప్పి మళ్లీ మొదటి నుంచి వేస్తాడు.

హైదరాబాద్ వాళ్లకు ఈ కథ మరీ పరాయిది కాదు. పాతబస్తీ పెళ్లిళ్లలో మోగే మర్ఫా, యెమెన్ నుంచి వచ్చిన అరబ్బులు, ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీలు నిజాం కాలంలో బార్కస్‌లో, ఏసీ గార్డ్స్‌లో స్థిరపడి మనకిచ్చిన వాద్యం. సముద్రం దాటి వచ్చినవాళ్ల డప్పు కొత్త ఊరి పండుగ అయిపోవడం లండన్‌లోనే కాదు, ఇక్కడా జరిగింది.

డబ్బు లెక్క: ఎవరి హక్కు ఏది?

ఒక పాటలో రెండు ఆస్తులు ఉంటాయి. మొదటిది రచన, అంటే మాటలు, బాణీ. అది రాసినవాళ్లది. రెండోది రికార్డింగ్, దీన్నే మాస్టర్ అంటారు. అది సాధారణంగా ఖర్చు పెట్టిన సంస్థది. ఈ రెండూ ఒక ఇంటికి స్థలం పత్రం, కట్టడం పత్రం లాంటివి. ఒకటి ఉన్నంత మాత్రాన రెండోది వచ్చినట్టు కాదు.

శాంపిల్ అంటే ఒకరి రికార్డులోని ముక్కను తన పాటలో వాడుకోవడం. దీనికి రెండు అనుమతులూ కావాలి. ‘ఆమెన్’ డ్రమ్ విషయంలో వాడినవాళ్లలో చాలామంది ఏదీ అడగలేదు.

రీమిక్స్ అంటే హక్కున్న సంస్థే అసలు టేపులు ఇచ్చి కొత్త రూపం చేయించుకోవడం. రీమిక్స్ చేసినవాడికి సాధారణంగా ఒకసారి ఫీజు ఇస్తారు. అసలు పాట హక్కు, అసలు గాయకుడి పేరు అలాగే ఉంటాయి. ‘స్టార్ రైజ్’ ఈ రకం. అట్ట మీద నుస్రత్ పేరు, ప్రతి పాట పక్కన రీమిక్స్ చేసినవాళ్ల పేరు.

తేడా ఇక్కడే ఉంది. రెండు చోట్లా కత్తిరింపు ఒకటే, యంత్రం ఒకటే. ఒక చోట డ్రమ్మర్ పేరు కూడా ఎవరికీ తెలియలేదు. ఇంకో చోట ఉస్తాద్ పేరు ముందు, మిగతావాళ్లు వెనక.

మన చట్టం ఏం చెబుతుంది?

తెలుగు రాష్ట్రాల్లో ఇప్పుడు లాప్‌టాప్ ఉన్న ప్రతి గల్లీలోనూ డీజే మిక్స్‌లు తయారవుతున్నాయి. కవ్వాలీలు, నాత్‌లు కూడా బీట్ వేసి యూట్యూబ్‌లో పెడుతున్నారు. అలాంటి పిల్లలున్న ఇళ్లలో తెలిసి ఉండాల్సిన విషయాలు ఇవి. ఆధారం 1957 కాపీరైట్ చట్టం, 2012 సవరణలు.

రచయిత, బాణీ కట్టినవారి హక్కు వాళ్లు బతికినంత కాలం, ఆపై 60 ఏళ్లు ఉంటుంది. రికార్డింగ్ మీద హక్కు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. కాబట్టి నుస్రత్ పాటలు ఇంకా ఎవరి సొంతమో వాళ్లవే. ‘పాత పాటే కదా’ అనే మాట చెల్లదు.

సెక్షన్ 31సీ కింద ఒక పాటను కొత్త గొంతుతో, కొత్త వాద్యాలతో మళ్లీ పాడించి విడుదల చేయాలంటే మొదటి రికార్డింగ్ వచ్చిన ఏడాది ముగిశాక అయిదేళ్లు ఆగాలి. ముందుగా నోటీసు, రాయల్టీ ఇవ్వాలి. అది కూడా మళ్లీ పాడించడానికే. అసలు రికార్డింగ్‌ను కోసి బీట్ వేయడం దీని కిందికి రాదు. దానికి మాస్టర్ హక్కుదారు అనుమతి తప్పనిసరి.

సెక్షన్ 57 డబ్బు గురించి కాదు, పరువు గురించి. హక్కులు అమ్ముకున్నా సరే, తన పేరు చెప్పమని అడిగే హక్కు, తన గౌరవానికి భంగం కలిగేలా రచనను వికృతం చేస్తే అభ్యంతరం చెప్పే హక్కు రచయితకు మిగిలే ఉంటాయి.

2012 సవరణ తర్వాత రచయిత, సంగీతకర్త తమ రాయల్టీ వాటాను ఎవరికో పూర్తిగా రాసివ్వడం కుదరదు. రాసిచ్చినా చెల్లదు. వారసులకు, లేదా వసూలు చేసే కాపీరైట్ సొసైటీకి మాత్రమే అప్పగించవచ్చు.

పెళ్లి వేడుకలో, బారాత్‌లో పాటలు మోగించడం సెక్షన్ 52 ప్రకారం ఉల్లంఘన కాదు. కానీ అదే మిక్స్‌ను ఛానెల్‌లో పెట్టి యాడ్స్ డబ్బు తీసుకుంటే ఆ మినహాయింపు వర్తించదు. యూట్యూబ్ యంత్రమే పాటను గుర్తుపట్టి ఆదాయాన్ని అసలు హక్కుదారుకు మళ్లించవచ్చు, వీడియోను ఆపేయవచ్చు.

కాపీరైట్ వేరు, శబ్దం నియమాలు వేరు. 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. పాటకు అనుమతి ఉన్నా ఆ ఉత్తర్వు నుంచి మినహాయింపు దొరకదు.

తర్వాత ఏం జరిగింది?

‘స్టార్ రైజ్’ వచ్చిన ఏడాదే డ్రమ్ అండ్ బేస్ బృందం రోనీ సైజ్ రెప్రజెంట్‌కు బ్రిటన్‌లోని మెర్క్యురీ అవార్డు దక్కింది. 1999లో అదే అవార్డు తల్వీన్ సింగ్ ‘ఓకే’ ఆల్బమ్‌కు వచ్చింది. ఏషియన్ డబ్ ఫౌండేషన్ 1998లో పిల్లలకు సంగీతం నేర్పే విభాగం పెట్టింది. తాము ఏ తరగతి గది నుంచి వచ్చారో అది మర్చిపోలేదు.

జోయ్ అన్నదమ్ముల్లో హారూన్ 1999లో చనిపోయాడు. బంగ్లాదేశ్‌లో అతను రికార్డు చేసి తెచ్చిన ఊరి పాటలు, శబ్దాలతో ఫారూఖ్ తర్వాతి ఆల్బమ్ పూర్తి చేసి 2000లో విడుదల చేశాడు. పేరు ‘వీ ఆర్ త్రీ’. శామ్ జమాన్ 2015లో కన్నుమూశాడు.

నుస్రత్ గొంతు మాత్రం ఇంకా కొత్తగా వస్తూనే ఉంది. 1990లో రియల్ వరల్డ్ స్టూడియోలో పాడి, మరుగున పడిపోయిన టేపులు సంస్థ గోదాములో దొరికాయి. వాటిని 2024 సెప్టెంబరు 20న ‘చెయిన్ ఆఫ్ లైట్’ పేరుతో విడుదల చేశారు. నాలుగు కవ్వాలీలు. బీట్ లేదు, కోత లేదు. హార్మోనియం, తబలా, చప్పట్లు, గొంతులు. ‘ముస్త్ ముస్త్’ వచ్చిన ఏడాదే రికార్డు చేసినవి ఇవి. అంటే ఒక చేత్తో ప్రయోగం చేస్తూనే ఉస్తాద్ రెండో చేత్తో ఖానదాన్ పాటను పట్టుకునే ఉన్నారు.

వినాలనుకునేవారికి ఒక వరుస

ముందు ‘షహెన్‌షా’ (1989) వినాలి. సంప్రదాయ కవ్వాలీ ఎలా ఉంటుందో తెలుస్తుంది.
తర్వాత ‘ముస్త్ ముస్త్’ (1990)లో అసలు ‘తా దీమ్’.
ఆ వెంటనే ‘స్టార్ రైజ్’ (1997)లో ఏషియన్ డబ్ ఫౌండేషన్ ‘తా దీమ్’. ఏది ఉంచారు, ఏది మార్చారు అన్నది చెవికే తెలిసిపోతుంది.
చివరగా ‘చెయిన్ ఆఫ్ లైట్’ (2024).

ఈ నాలుగూ ఒకే సాయంత్రం ఇంట్లో పెద్దలు, పిల్లలు కలిసి వినొచ్చు. ఎవరి అభిప్రాయం వాళ్లకే ఉండొచ్చు. బీట్ వేయాలనుకునే పిల్లలకు మాత్రం పెద్దలు నాలుగు మాటలు చెప్పాలి. అడిగి తీసుకో. పేరు రాయి. రావాల్సినవాళ్లకు డబ్బు ఇవ్వు. అల్లాహ్ పేరున్న మాటను సగంలో కోయకు. గ్రెగరీ కోల్‌మన్‌కు ఆ మర్యాద దక్కలేదు. ఇప్పుడు లాప్‌టాప్ ముందు కూర్చున్న కుర్రాడికి మాత్రం తెలియలేదని చెప్పుకునే వీలు లేదు.